కిటికీలో పెట్టిన కాలు

కొత్త ట్యాబు చంకలో పెట్టుకుని దుకాణంలోకి వస్తూనే చార్జరు గోడల వంక చూశాడు. మనిషిని పలకరించే ముందు ప్లగ్గు ఎక్కడుందో వెతుక్కోవడం అతని అలవాటు. ఆ అలవాటు మీదే అతనికి చార్జరన్న పేరు పడింది. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే వెంటనే పలకడు.

బూట్ల మేస్త్రికి అతను తోడల్లుడు. మేస్త్రి భార్య చెల్లెల్ని చేసుకున్నాడు. పనిచేస్తున్న ఫోన్ల కొట్టు మూతపడి ఇంట్లో కూర్చుంటే, మేస్త్రే కబురు పెట్టి, "ముందు గదిలో నువ్వు కూర్చో. వచ్చినవాళ్ళతో నువ్వు మాట్లాడు. నాకెలాగూ మాటలు రావు," అన్నాడు. మాటలు రావన్నది నిజమే. ఆయన రోజంతా మాట్లాడే మాటలు ఒక అగ్గిపెట్టెలో సర్దేయొచ్చని భార్య అంటుంది.

దుకాణానికి రెండు గదులు. ముందు గదికి వీధి వైపు పెద్ద అద్దాల కిటికీ. వెనక గదిలో మేస్త్రి పని బల్ల, తోలు చుట్టలు, గోడ పొడుగునా కొయ్య పాదాలు, ఓ మూల తెర. మధ్య తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. మేస్త్రి తన పీట మీద కూర్చుని తలెత్తితే కిటికీ వెనక భాగమూ, దాని అవతల ఆగి చూసే జనం మొహాలూ కనిపిస్తాయి.

అంగట్లో దొరికే బూట్లు ఎక్కని కాళ్ళకు ఆయన బూట్లు కుడతాడు. ఒక కాలు పొట్టి అయినవాళ్ళు, పాదం లోపలికి తిరిగినవాళ్ళు, జబ్బు చేసి వేళ్ళు తీసేయించుకున్నవాళ్ళు ఆయన దగ్గరికి వస్తారు. వచ్చినవాళ్ళను తెర వెనక్కి తీసుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, కాలిని రెండు చేతుల్లోకీ తీసుకుని కాసేపు ఊరికే పట్టుకుంటాడు. ఎక్కడ నొప్పో అడగడు. చేతికే తెలుస్తుంది. ఇదివరకు కాగితం మీద పెన్సిలుతో గీసుకునేవాడు. ఓ వానాకాలం కప్పు కారి ఆ కాగితాలన్నీ ముద్దయిపోయాయి. అప్పటినుంచి పైనుంచీ, పక్కనుంచీ, మడమ వైపు నుంచీ ఫోనులో ఫోటోలు తీసుకుంటున్నాడు. పేర్లు మాత్రం రాయడు. ఏ కాలు ఎవరిదో ఆయనకు గుర్తే. ఇంకొకరికి తెలియనక్కర్లేదు.

చార్జరు ట్యాబును ప్లగ్గుకు తగిలించి, మేస్త్రి ఫోనూ, ఇంట్లో మేస్త్రి భార్య వాడే పాత ఫోనూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"మూడింటినీ కలిపేశానన్నయ్యా. టిక్ పెట్టినవి మూడు చోట్లా కనిపిస్తాయి, పెట్టనివి ఎక్కడివక్కడే. ఒక్కొక్కటే అడుగుతాను, చెప్పు. తర్వాత నన్ననకూడదు. పాటలు?"

"ఇంట్లో పెట్టు. పొద్దున మీ వదినా నేనూ వింటాం."

"ట్యాబులో?"

"వీధికెందుకు నా పాటలు?"

"సరే. ఫోను నంబర్లు?"

"నా దగ్గరే ఉంచు. మీ వదిన చూసిందంటే, వీళ్ళకి ఫోను చేసి ఎన్నాళ్ళయిందని రోజుకొకరి పేరు చదువుతుంది."

చార్జరు పడీపడీ నవ్వాడు. "కుట్టిన బూట్ల ఫోటోలు?"

"అన్నిట్లో పెట్టు."

"కాళ్ళు?"

మేస్త్రి చేతిలో కత్తి కింద పెట్టాడు. "కాళ్ళు నా ఫోనులోనూ ఇంటి ఫోనులోనూ ఉండాలి. ఇది పోతే అది ఉంటుందని. ట్యాబులో వద్దు."

"మొహాలు లేవు కదన్నయ్యా వాటిల్లో. పేర్లయినా లేవు. వట్టి కాళ్ళు. చూస్తే జనం బెంబేలెత్తిపోతారంటావా?"

"ట్యాబులో వద్దన్నాను."

"వద్దంటే వద్దు. ఇదిగో, నువ్వే చూసుకో." ట్యాబును ఆయన వైపు తిప్పాడు. కాళ్ళ పక్కన, ట్యాబు గడిలో ఏమీ లేదు. మేస్త్రి ఆ ఖాళీ గడిని బాగా చూసి, మళ్ళీ కత్తి అందుకున్నాడు. నమ్మడానికి ఆయనకు అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

ట్యాబు కిటికీలో నిలబడింది, మొహం వీధి వైపు, వీపు మేస్త్రి వైపు. దాని నల్లటి వీపు తప్ప ఆయనకు ఏమీ కనబడేది కాదు. అటు తిరిగి చూసే తీరికా ఆయనకు లేదు. వెనక సందులోంచి వచ్చి వెనక సందులోంచే ఇంటికి వెళ్ళే మనిషి.

కానీ మొహాలు కనిపించేవి. ట్యాబు పెట్టాక ఆగేవాళ్ళు ఎక్కువయ్యారు. మేస్త్రి నోట్లో దారం కొస పట్టుకుని వాళ్ళను చూసేవాడు. బూట్లు చూసేవాళ్ళ కళ్ళు ఎలా ఉంటాయో ఆయనకు తెలుసు. ముందు రంగు మీదికి, తర్వాత బూటు ముక్కు మీదికి, ఆఖరున మడమ మీదికి పోతాయి. వీళ్ళ కళ్ళు అలా కదలడం లేదు. ఒక్కచోటే అతుక్కుపోతున్నాయి. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకతను చూసి చూసి తన కాళ్ళ వంక చూసుకున్నాడు, ఉన్నాయో లేదో అన్నట్టు. ఏమిటో ఈ కాలపు జనం, బూట్లు చూసి కూడా ఆశ్చర్యపోతున్నారనుకున్నాడు మేస్త్రి. లోలోపల కాస్త పొంగిపోయాడు కూడా. ఎంత మాటకారి కాకపోయినా, తన పనిని నలుగురూ నిలబడి చూస్తుంటే ఎవరికి మాత్రం బాగుండదు?

ఓ మధ్యాహ్నం ఆ మొహాల మధ్య పుస్తకాలావిడ మొహం కనిపించింది.

ఆవిడ గ్రంథాలయంలో కౌంటరు దగ్గర కూర్చుని పుస్తకాలిస్తుంది. చిన్నప్పుడు ఏదో యంత్రం కింద పడి ఎడమ పాదం ముందు సగం పోయింది. బొటనవేలొక్కటే మిగిలింది, అది కూడా పక్కకు తిరిగిపోయి. మొదటిసారి వచ్చినప్పుడు తెర వెనక కూర్చుని చాలాసేపు బూటు విప్పలేదు. విప్పాక, "అన్నయ్యా, ఇది మా ఆయనకి తెలుసు, డాక్టరుకి తెలుసు. ఇప్పుడు మీకు తెలిసింది. ఇంకెవరికీ తెలియక్కర్లేదు," అంది. మేస్త్రి తేలిక బెండు చెక్కి, లేని వేళ్ళ చోటు నింపి, పక్కన కట్టుతో గోధుమరంగు బూట్లు కుట్టాడు. అవి తొడుక్కుని ఆవిడ వీధిలో నడిచి వెళుతుంటే, వెనక నుంచి చూసి ఏ కాలు బాగాలేదో ఆయనే చెప్పలేకపోయాడు. ఆ పూట అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. తర్వాత ఫోనులో ఫోటో తీస్తానన్నప్పుడు ఆవిడ తటపటాయించింది. "నా దగ్గరే ఉంటుంది చెల్లెమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఆవిడ కాలు చాపింది.

ఇప్పుడు ఆవిడ లోపలికి వచ్చి ముందు గదిలోనే నిలబడింది. చార్జరు టీ తాగడానికి వెళ్ళాడు.

"లోపలికి రా చెల్లెమ్మా. కట్టు వదులైందా?"

"మీరే ఒకసారి బయటికి రండన్నయ్యా."

ఆవిడ గొంతు విని మేస్త్రి ఒళ్ళో ఉన్న తోలు పక్కన పెట్టాడు. తన దుకాణం ముందు తలుపులోంచి ఆయన బయటికి వచ్చి ఎన్నాళ్ళయిందో. ఎండకు కళ్ళు చికిలించుకుని ఆవిడ పక్కన నిలబడ్డాడు.

ట్యాబులో నల్ల బూట్ల జత వచ్చింది. తర్వాత తెర రెండుగా చీలింది. ఎడమ వైపు లోపలికి మెలితిరిగిన ఓ పాదం, కింద 'ముందు' అని. కుడివైపు ఆ పాదానికి కుట్టిన బూటు, కింద 'తర్వాత' అని. మేస్త్రి చూస్తూనే గుర్తుపట్టాడు. ఆ కాలు పాలవాడిది.

"ఆగండి. ఇంకా వస్తుంది," అందావిడ.

వచ్చింది. ఆవిడ కాలు, తను మోకాళ్ళ మీద కూర్చుని తీసిన ఫోటో, పక్కకు తిరిగిన ఆ ఒంటి వేలు, దాని వెనక ఎత్తి పట్టుకున్న పావడా అంచు. పక్కనే గోధుమరంగు బూట్లు, పక్క కట్టుతో. ఇప్పుడు ఆవిడ కాళ్ళకు ఉన్నవే.

"మొహం లేదు, పేరు లేదు. నిజమే," అందావిడ వీధిలోకి చూస్తూ. "కానీ ఈ బూట్లు ఊరంతా చూసినవే కదన్నయ్యా. ఈ మధ్య పుస్తకాలకొచ్చే పిల్లలకి ఒకటే పెన్సిళ్ళు కింద పడిపోతున్నాయి. కౌంటరు కిందికి వంగుతారు, లేస్తారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇవాళ మా పాప ఇంటికొచ్చి, అమ్మా, బూటు విప్పి చూపించవూ అంది. దానిక్కూడా నేనింకా చెప్పలేదు. పెద్దయ్యాక, నేనే చెబుదామనుకున్నాను."

మేస్త్రి తనకు తెలియదని చెప్పాలి. తన కిటికీలో ఏముందో తనకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? లోపలికి పోయి ట్యాబును బోర్లా పడేశాడు. బయటికి వచ్చేసరికి ఆవిడ వీధి చివర ఉంది. కుంటడం లేదు. అంత బాధలోనూ ఆయన కళ్ళు ముందు ఆ సంగతే చూశాయి. అందుకు తన మీద తనకే రోత పుట్టింది.

చార్జరు ఈల వేసుకుంటూ వచ్చి, బోర్లా ఉన్న ట్యాబును చూసి ఆగిపోయాడు.

"ఏమైందన్నయ్యా? పడిపోయిందా?"

"కాళ్ళు ఎవరు పెట్టారు దీంట్లో?"

చార్జరు ట్యాబు అందుకున్నాడు. "కాళ్ళు... అవి వచ్చాయా ఇందులోకి? ఎక్కడో పొరపాటున వేలు తగిలి టిక్ పడి ఉంటుంది. ఈ ట్యాబులతో ఇదే తంటా. ఇప్పుడే తీసేస్తానుండు."

"టిక్ దానంతట అదే పడిందనుకుందాం. 'ముందు', 'తర్వాత' అని కూడా అదే రాసుకుందా?"

చార్జరు ప్లగ్గు వంక చూశాడు. ఆ తర్వాత గొంతు పెంచాడు, తప్పు దొరికినవాళ్ళందరూ పెంచినట్టే.

"ఏం, మంచి పని చేసి చూపించుకోవడం తప్పా? నువ్వా మూల కూర్చుని కుడుతుంటే నీ పనితనం ఎవరికి తెలుస్తుంది? వట్టి బూటు చూపిస్తే అది మామూలు బూటే. లోపల కాలు చూపిస్తేనే కదా అబ్బా అంటారు! నీ మంచికే చేశాను. నీకు చెబితే ఒప్పుకోవని..."

"ఒప్పుకోనని తెలిసే చేశావన్నమాట."

ఆ మాటకు చార్జరు మొహం మాడ్చుకుని ట్యాబు వైరు చుట్టసాగాడు. మేస్త్రి పీట మీద కూలబడ్డాడు. తిట్టాలని ఉంది, తిట్లు కూడా మాటలే కదా, రావడం లేదు. ఏదో ఒకటి చేతిలో ఉండాలని ఓ కొయ్య పాదాన్ని తీసుకుని తిప్పుతూ కూర్చున్నాడు. అప్పుడు తట్టింది ఆయనకు.

పాలవాడి కాలి పక్కన పాలవాడి బూటే ఉంది. పుస్తకాలావిడ కాలి పక్కన ఆవిడ బూట్లే ఉన్నాయి. కాళ్ళకు పేర్లు లేవు. చార్జరు ఏనాడూ ఆ మూల తెర వెనక్కి రాలేదు. ఏ కాలు ఏ బూటులో దూరుతుందో వాడికెలా తెలుసు?

తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు తను. రెండోవారు, ఇంట్లో కూర్చుని బూటు లోపల మెత్తటి గుడ్డ వేసి కుట్టే మనిషి.

మేస్త్రి తలెత్తాడు. చార్జరు ఆయన మొహం చూసి, చూపు తిప్పుకున్నాడు.

"వదిననేమీ అనకన్నయ్యా," అన్నాడు మెల్లగా. "నేనే అడిగాను."

ఇంటికి వచ్చేసరికి భార్య వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, వెలుతురుకు ఎత్తి పట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒళ్ళో ఎవరిదో బూటు. పని వేళలో ఆయన ఇంటికి రావడం చూసి సూది గుడ్డకు గుచ్చేసింది.

"ఒంట్లో బాగాలేదా?"

"పుస్తకాలావిడ వచ్చింది."

ఆవిడ మొహంలో రంగు మారింది. అడగాల్సిన పని లేకపోయింది. అయినా అడిగాడు.

"జతలు నువ్వు కలిపావా?"

"కలిపాను." ఆవిడ దాచలేదు. అదొక్కటీ ఆయనకు నచ్చింది, నచ్చినందుకు మరింత నొప్పి పుట్టింది. "అతనొచ్చి కూర్చుని, వదినా, ఇది ఎవరిది, అది ఎవరిదని అడిగాడు. నాకు గుడ్డ కత్తిరించిన ఆకారాలన్నీ గుర్తే కదా. మా చెల్లెలి కాపురం నిలబడాలనుకున్నాను. అతను ఏదో ఒకటి చేసి చూపించాలని తెగ ఆరాటపడుతున్నాడు."

"నేను వద్దన్నానని చెప్పాడా?"

"చెప్పాడు."

గిన్నె మీద మూత చిన్నగా కొట్టుకుంటోంది. ఆవిడ లేచి పొయ్యి ఆపింది.

"మీరు నన్ను చంపినా సరే, నిజం చెబుతాను. నాకవి ఒకరి కాళ్ళనిపించలేదు. మీ పని అనిపించింది. ఊళ్ళో అందరూ, ఆ మూగాయనా, చెప్పులు బాగుచేస్తాడు కదా అంటుంటే నా ఒళ్ళు మండిపోతుంది. ఏం చేస్తారో ఒక్కసారి చూడండిరా అనిపించింది. మొహాలు లేవు కదా అనుకున్నాను."

"ఆ అమ్మాయి నిన్ను వదినా అంటుంది."

"అంటుంది. వదినా అంటుంది, తెర వెనక్కి మాత్రం నన్ను రానివ్వరు, మీరిద్దరూ. ఆ గుడ్డ కత్తిరించేది నేను. ఆ కాలు ఎలా ఉంటుందో నా వేళ్ళకు తెలుసు. అయినా నేను బయటే కూర్చోవాలి." ఇంత మాట తన నోటినుంచి వస్తుందని ఆవిడే అనుకోనట్టు ఆగిపోయింది. "అందుకని పెట్టించానని కాదు. అడిగారు కాబట్టి చెబుతున్నాను."

మేస్త్రి ఫోను బయటికి తీశాడు. కాళ్ళ మీద వేలు పెట్టాడు. ఇన్నేళ్ళ కాళ్ళు వరసలు వరసలుగా కనబడ్డాయి. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా అన్ని చోట్లా పోతుందని, ఆ పిచ్చిపని మాత్రం చెయ్యొద్దని చార్జరు వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు ఆయన బయల్దేరేటప్పుడు. టిక్ తీస్తే చాలు, కొలతలు ఉంటాయి అన్నాడు. కానీ ఖాళీ గడిని ఆయన ఒకసారి చూశాడు. ఇంకోసారి నమ్మలేడు.

"మీ ఫోను ఏది?" అన్నాడు. భార్యను ఆయన ఎప్పుడూ 'మీ' అనడు.

ఆవిడ పాత ఫోను తెచ్చి చేతిలో పట్టుకుని నిలబడింది. మేస్త్రి తన ఫోనులో అన్నీ ఎంచుకుని తీసెయ్యి అన్నాడు. నిజంగానా అని అడిగింది అది. నిజంగానే అన్నాడు. ఆయన తెర మీద కాళ్ళు పోయాయి. కాసేపటికి ఆవిడ చేతిలోని ఫోనులోనూ ఒక్కో వరసా పోతూ వచ్చింది. పాలవాడు పోయాడు, మడమ అరిగిన ముసలాయన పోయాడు, పుస్తకాలావిడ పోయింది. ఆవిడ ఆ తెర వంకే చూస్తూ, "అన్ని కొలతలూ మళ్ళీ తీసుకోవాలి మీరు," అంది.

"వస్తే."

ఆ తర్వాత ఏ టిక్ కనబడితే ఆ టిక్ తీసుకుంటూ పోయాడు. ఏది దేనిదో చూడలేదు.

మర్నాడు పొద్దున ఆవిడ ఫోను పట్టుకుని గదిలోకి వచ్చింది. "పాటలు కూడా తీసేశారా?"

"ఏది ఉంచాలో నాకు తెలియలేదు. అన్నీ తీసేశాను."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆయనకు ఇదివరకు తెలియదు.

గ్రంథాలయం తెరిచే వేళకు వెళ్ళాడు. కౌంటరుకు ముందువైపు కింద ఓ అట్ట కొత్తగా అడ్డం పెట్టి ఉంది, మేకులు కూడా సరిగ్గా దిగలేదు. పుస్తకాలావిడ దాని వెనక కూర్చుని చిరిగిన పుస్తకానికి జిగురు రాస్తోంది. ఆయన్ను చూసి కుంచె ఆపింది గానీ కూర్చోమనలేదు.

"తీసేశాను చెల్లెమ్మా. కిటికీలోంచీ, నా దాంట్లోంచీ, ఇంట్లోంచీ."

"ఎవరు పెట్టారు?"

దారి పొడుగునా ఈ ప్రశ్న కోసమే ఆయన మాటలు కూడబెట్టుకుంటూ వచ్చాడు. తోడల్లుడు పెట్టాడని చెప్పొచ్చు. అది అబద్ధం కాదు. ఆవిడ సగం నమ్ముతుంది, సగం ఊరుకుంటుంది. భార్య పేరు బయటికి రాదు.

"మా ఇంట్లోంచే వెళ్ళింది," అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "వదినా?"

ఆయన ఔననలేదు, కాదనలేదు. ఆవిడ కుంచె తీసుకుని జిగురు సీసాలో పెట్టింది.

"వదిన మొన్న ఇక్కడికి వచ్చి పుస్తకం తీసుకెళ్ళింది," అంది. "ఎంతసేపో మాట్లాడింది నాతో. బూట్లు బాగున్నాయా అని కూడా అడిగింది."

ఆ సంగతి మేస్త్రికి తెలియదు. కౌంటరు చెక్క అంచును బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు. ఏదో పిల్ల వచ్చి పుస్తకం ఇచ్చింది. పుస్తకాలావిడ ముద్ర వేసి పంపేసింది. ఆ పిల్ల వెళుతూ కౌంటరు కింది అట్ట వంక ఓ చూపు చూసి వెళ్ళింది.

"నా కొలత కూడా పోయిందన్నమాట," అందావిడ ఆ పిల్ల వెళ్ళాక.

"పోయింది."

"ఇంకో జత కావాలంటే మళ్ళీ తీయాలి."

"తీయాలి. నేనొక్కణ్ణే..." అని ఆగాడు. నా దగ్గరే ఉంటుంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒకసారి ఇచ్చేసిన మాట అది. మళ్ళీ ఇవ్వడానికి ఆయనకు నోరు రాలేదు.

ఆవిడకు అది అర్థమైంది కాబోలు, మొహంలో కోపం కాస్త తగ్గింది. నవ్వు మాత్రం రాలేదు.

"ఈ జత అరగనివ్వండన్నయ్యా," అంది. "అరిగాక ఆలోచిస్తాను, వస్తానో రానో."

మేస్త్రి తలూపి బయటికి నడిచాడు. మెట్ల మీద ఆగి, ఆ బూట్ల అడుగుకు తను ఏ తోలు వేశాడో గుర్తు చేసుకున్నాడు. దున్నపోతు వీపు తోలు, రెండు పొరలు, మైనం పట్టించిన దారంతో దగ్గర దగ్గర కుట్లు. రోజంతా కుర్చీలో కూర్చునే మనిషి కాళ్ళకు అవి ఇప్పట్లో అరగవు.